కడుపులోని పలుకు

మనుష్యుడు లోకమునకు బంపు మొదటి వార్త కాలితో బంపును. పుట్టి కేరుమని యేడ్చుటకు నాలుగైదు నెలలు ముందే తల్లికడుపున మెదలి, తానున్నానని తెలుపుకొనును. తండ్రి చేయి యానించిన కొంత తెలియును. వైద్యుడు యంత్రము నుంచిన కొంత వినబడును. కాని రేయింబవళ్లు ఆ వార్త నందుకొనుచుండునది తల్లి యొక్కతెయే. ఇట్టి యేకైక సాక్షి మాటను మన గృహములలో నెంతవరకు మన్నించుచున్నాము? ఇదియే నేనిక్కడ విచారింపదలచిన విషయము. పురుషుడు, అందులోను బడిపంతులు, ఈ విషయమున కలము పట్టుట కొందఱకు వింతగా దోచవచ్చును. బండి పిలువవలెనన్నను, ఆసుపత్రికి బోవలెనన్నను, పెక్కిండ్లలో నిప్పటికిని పురుషుని యనుమతియే కావలసియున్నది. కావున నీ సంగతి యాతనికి ముందు తెలియవలెను.

నాకు రెండు భాషల చదువు గలదు. గర్భిణిని మన వైద్యశాస్త్రము దౌహృదిని యన్నది. నాలవ నెలలో బిడ్డ హృదయము వ్యక్తమగుననియు, నాటినుండి తల్లి రెండు హృదయములు గలదగుననియు, ఆమె కోరినవి యీయవలెననియు సుశ్రుతసంహిత శారీరస్థానము చెప్పుచున్నది. ఇంగ్లీషువారు మొదటి కదలికను క్వికెనింగ్ అందురు. ప్రాణము తోచుట యని దాని భావము. మరణశిక్ష పడిన స్త్రీ తాను గర్భవతినని చెప్పుకొన్నచో, ఆ దేశపు న్యాయస్థానము పెద్ద స్త్రీలను జ్యూరీగా నేర్పరచి పరీక్షింపజేసెడిది. కడుపులో బిడ్డ మెదలుచున్నదని వారు చెప్పిన, ప్రసవమగువరకు శిక్ష నిలిచిపోయెడిది. 1931 నాటి శాసనముతో నా స్త్రీల జ్యూరీ రద్దయినది. ఇన్ని తెలిసియు, ఆ కదలిక యెట్లుండునో పుస్తకములవలన నాకు దెలియలేదు. అది నా యిల్లాలు చెప్పగా దెలిసినది.

అయిదవ నెలలో నొకనాడామె, "ఏమండీ, కుండలో చేపపిల్ల మసలినట్లున్న" దనెను. అది నిజముగా బిడ్డయో, వట్టి వాయువో యని రెండు మూడు దినములు సందేహించినది. ఏడవ నెల వచ్చుసరికి సందేహమునకు దావు లేదు. ఎనిమిది, తొమ్మిది నెలలలో నా కదలిక కెన్నియో రూపములు. ఒకప్పుడు మడమ ప్రక్కటెముకల క్రింద దన్ని ఊపిరి సలుపనీయదు. ఒకప్పుడు మోకాలో మోచేయో కడుపు ప్రక్కన నుబ్బెత్తుగా లేచి, చేయి వేయగానే జారిపోవును. ఒకప్పుడు దుప్పటిక్రింద నిద్రించు పిల్లవాడు ప్రక్కకు దొర్లినట్లు కడుపంతయు నొకవైపునకు వాలును. తల క్రిందికి దిగినప్పుడు పొత్తికడుపున నొత్తిడి. నడుమ నడుమ గడియారము కొట్టుకొన్నట్లు సమముగా నెక్కిళ్లు. మా ముప్పాళ్ళలో ప్రత్తి తీతకు బోవు స్త్రీలు దీనినే మఱియొక తీరున జెప్పుదురు: "పనిలో నున్నంతసేపు వాడు నిద్రపోవును; మేము నడుము వాల్చగానే వానికి తెల్లవారును."

ఈ మాటలో శాస్త్రము గలదు. తల్లి నడచుచు పని చేయుచున్నపుడు చిన్న కదలికలు ఆమె గమనమునకు రావు, పండుకొన్నపుడు వచ్చును. బిడ్డకును నిద్ర గలదు. ఆ నిద్ర సాధారణముగా 20 మొదలు 40 నిమిషములుండును. 90 నిమిషములు మించుట యరుదు. కదలికలు సుమారు 32 వారములవరకు హెచ్చి, అటుపై దాదాపు నట్లే నిలుచును. ఇచ్చటనే మన యిండ్లలో నొక పెద్ద పొరపాటు వేళ్లూనియున్నది. "నెలలు నిండినవి, లోపల చోటు చాలదు, అందుచే బిడ్డ యణగియున్నది" యని పెద్దలందురు. చోటు తగ్గుట నిజమే. తన్నులు తగ్గి దొర్లుట యెక్కువగుటయు నిజమే. కాని కదలికయే తగ్గవలెనను నియమము లేదు. ఆరోగ్యముగా నున్న బిడ్డ నొప్పులు వచ్చువరకు, నొప్పులు వచ్చిన తరువాత గూడ, మెదలుచునే యుండును.

ఈ పొరపాటు మా యింటికిని దెలిసినదే. మా యమ్మకు తొలిచూలు బిడ్డ దక్కలేదు. నేను పెద్దవాడనైన తరువాత నొకనాడామె చెప్పినది: "రెండు దినములు మెదలలేదు, నాయనా. అత్తగారితో జెప్పితిని. నిండు నెలలు గదా, అట్లే యుండును, అమావాస్య వెళ్లనిమ్మన్నది." మా నాయనమ్మ క్రూరురాలు గాదు, ఆమెకును పెద్దలట్లే చెప్పియుండిరి. ఆనాడు బండి కట్టించినచో బిడ్డ దక్కియుండెడిదని నేననజాలను. చెప్పిన మాటను వినినవారు లేకపోయిరన్నదే దుఃఖము. ఆ బిడ్డకు పేరు లేదు, జాతకము లేదు. లోకము లెక్కలో మేము నలుగురము. మా యమ్మ లెక్కలో నైదుగురము.

కదలిక తగ్గుటకు భయపడవలసిన కారణమేమి? బిడ్డకు ఆహారమును ప్రాణవాయువును మావినుండి బొడ్డుత్రాడు గుండ వచ్చును. మావి సరిగా పని చేయనపుడు బిడ్డ యున్న బలమును గుండెకును మెదడునకును దాచుకొని, కాలుసేతు లాడించుట తగ్గించును. చమురు తరిగిన దీపమునకు వత్తి తగ్గించినట్లన్నమాట. వెలుగు తగ్గినది గాని దీపమాఱలేదు. వైద్యుని యొద్దకు బోవలసిన సమయమదియే.

మన పురాణములు గర్భములోని బిడ్డను తక్కువగా జూడలేదు. ప్రహ్లాదుడు తల్లికడుపున నుండి నారదుని బోధ వినెను. అష్టావక్రుడు తండ్రి రాత్రివేళ వల్లించు వేదమున దోషమున్నదని కడుపులోనుండియే పలికి శాపము పొందెను. కథలు రమ్యములే. కాని వానిని మరల జదివి చూడుడు. ఋషి చెప్పును, బిడ్డ వినును. బిడ్డ చెప్పును, తండ్రి కోపించును. ఎవ్వతె కడుపున నిదంతయు జరుగుచున్నదో యా తల్లి నడిగినవారు లేరు. దౌహృదమును మాత్రము మనము శ్రద్ధగా నిలుపుకొంటిమి. చూలాలు పుల్లమామిడి కావలెనన్న కాలము కాని కాలమునను దెచ్చి యిత్తుము, సూడిదలు పెట్టుదుము, సీమంతము సేయుదుము. ఆమె నాలుక చెప్పిన దానిని నమ్మితిమి. "బిడ్డ నేడు సరిగా మెదలలేదు" అని యామె చెప్పినపుడు మాత్రము, "నీకన్నియు ననుమానములే" అందుము. ఇదేమి న్యాయము?

నమ్మిన యింటినిగూడ నేను జూచితిని. మూడేండ్ల క్రిందట మా వీధిలో నొక యమ్మాయి తొలికాన్పునకు పుట్టింటికి వచ్చినది. ఒకనాటి సాయంకాలము, "అమ్మమ్మా, ప్రొద్దుటినుండి వీడు మెదలుట లేదే" యనినది. ఒకరు చన్నీళ్లు త్రాగుమనిరి. ఒకరు తీపి తినుమనిరి. తెల్లవారి చూతమని తండ్రి యనెను. అక్షరము రాని యా ముసలమ్మ మాత్రము, "దాని కడుపు సంగతి దానికంటె మీకెక్కువ తెలియునా? బండి పిలువుడు" అనినది. ఆ రాత్రియే పట్టణపు టాసుపత్రిలో శస్త్రచికిత్స చేసి బిడ్డను దీసిరి. తక్కువ తూకపు టాడుపిల్ల. నేడు మా యరుగుమీద బలపము పట్టుకొని గీతలు గీయుచున్నది.

ఇక లెక్క మాట. 1976లో బ్రిటనులోని కార్డిఫ్ వైద్యులు పండ్రెండు గంటలలో పది కదలికలను లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. 1989లో సుమారు 68 వేలమంది గర్భిణులను పరిశీలించిన యొక పరిశోధనలో, అందఱును నిత్యము లెక్క వ్రాసికొన్నంత మాత్రమున శిశుమరణములు తగ్గినట్లు కనబడలేదు. కావున సంఖ్య కంటె, ఆ తల్లికి తెలిసిన యా బిడ్డ వాడుక ముఖ్యము. ఒక బిడ్డ చలాకి, ఒక బిడ్డ నెమ్మది. నేటి బిడ్డను నిన్నటి తనతోనే పోల్చవలెను. 24 వారములు నిండియు కదలిక తెలియకున్న వైద్యుని జూడవలెను. 28 వారములు దాటిన పిదప తగ్గినదని తోచిన, సందేహము తీరుటకు ఎడమప్రక్కకు దిరిగి పండుకొని, మనస్సు దానియందే నిలిపి రెండు గంటలు గమనింపవచ్చును. అంతలో పది కదలికలు తెలియకున్న వెంటనే పోవలెను. బొత్తిగా మెదలనిచో నీ రెండు గంటలైనను వేచియుండరాదు. తీపి, చన్నీళ్లు వైద్యము గావు. అంగడిలో గొన్న యంత్రముతో నింటిలో గుండెచప్పుడు విని తృప్తిపడరాదు. గుండె కొట్టుకొనుచున్నను బిడ్డ యాపదలో నుండవచ్చును. ఇట్లు పోయినవారిలో నెక్కువమంది బిడ్డలు క్షేమముగనే యుందురు. అంతమాత్రమున బోయినది వృథా కాదు. మరల తగ్గిన మరల పోవలెను.

పూర్వము మార్గములు లేవు. 1883లో అన్నా కుగ్లర్ అను వైద్యురాలు అమెరికానుండి గుంటూరునకు వచ్చి స్త్రీలకు వైద్యము సేయ మొదలిడి, 1898లో నచ్చట నాసుపత్రి తెఱచినపుడు, పల్నాటి పల్లెలనుండి గుంటూరు చేరుట బండిప్రయాణము. నేడట్లు గాదు. 2005 ఆగస్టు 15వ తేదీన మన రాష్ట్రమున 108 వాహనము మొదలైనది. 2016 నుండి ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. ఊరికి ఆశా కార్యకర్త గలదు. దారి సిద్ధముగా నున్నది. మిగిలిన దూరమెల్ల వంటయింటినుండి వసారాకు మాత్రమే: ఆమె చెప్పిన మాట పెద్దల చెవి జేరి, వారు లేచి నిలుచువరకు.

సోదరులారా, మీ యింట గర్భిణి యున్నచో ప్రతిసాయంకాలము ఆమె యొద్ద గూర్చుండి యొక్క ప్రశ్న యడుగుడు: "నేడు బిడ్డ బాగుగా మెదలెనా?" ఆమె సందేహించిన, పంచాంగము చూడకుడు, తెల్లవారనీయకుడు. పెద్దతల్లులారా, మీ కోడలు చెప్పినది మీ యనుభవమునకు విరుద్ధముగా నున్నను, ఆ కడుపు మీది కాదని తలంపుడు. అడుగని యింటిలో చెప్పుటకు నోరు రాదు. నమ్మని యింటిలో చెప్పియు ఫలము లేదు.