బడి తలుపు గడియ

మా చిన్నదానికి అయిదు నిండాయి. ఆనాటినుంచీ మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మా ఆవిడది టై కట్టే బడి పక్షం. నాది వీధి చివరి మునిసిపల్ బడి పక్షం.

"నేను చదివింది అలాంటి బళ్ళోనే కదా, ఏం తక్కువైంది?" అన్నాను.

"ఆదర్శం మీది, బాల్యం దానిది. మీ ఆదర్శానికి దాన్ని ఖర్చు పెట్టకండి," అంది.

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. అయినా జవాబు తోచలేదు.

సరే, రెండూ చూసి వద్దామని ముందు టై బడికి వెళ్ళాం. అక్కడొకావిడ పిల్లను ఇంగ్లీషులో పేరడిగింది. ఇది పేరు చెప్పి, "మరి మీ పేరో?" అని తెలుగులో ఎదురడిగింది. ఆవిడ నావైపు తిరిగి, "తమరేం చేస్తుంటారు?" అంది. చెప్పాను. "అయ్యో! మరి ఇంట్లో ఇంగ్లీషు ఎవరు మాట్లాడతారు?" అంది.

చేర్చుకునేముందు పిల్లనుగాని, తల్లిదండ్రులనుగాని పరీక్షించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలో ఉంది. కాని పరీక్ష తప్పినవాడికి చట్టాలు ఇంటికొచ్చాకే గుర్తొస్తాయి.

మర్నాడు మునిసిపల్ బడి. అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. అరవైమంది పిల్లలదాకా ఇద్దరు చాలునని ఆ చట్టమే అంటుంది గనక అడగడానికి లేదు. మా ఆవిడ ఇంగ్లీషు సంగతి ఎత్తింది. టీచరమ్మ పాఠ్యపుస్తకం తెరిచి చూపించింది: ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. ఈలోగా మా చిన్నది మమ్మల్ని మరిచిపోయి పిల్లల వరసలో కూర్చుంది. నేను విజయగర్వంతో పక్కకు చూశాను. ఆవిడ లేదు!

పెరటివైపునుంచి వచ్చి, "మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు," అంది.

నేను పుస్తకం చూశాను, ఆవిడ గడియ చూసింది. ఆడపిల్ల తల్లి కదా!

"కమిటీలో చెప్పామమ్మా," అంది టీచరమ్మ. బడి కమిటీలో ముప్పాతికమంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంమీద సగంమంది స్త్రీలుండాలి. ఇదీ ఆ చట్టంలోనిదే. కాని అక్కడి తల్లులు తెల్లవారకముందే కూలికి పోతారు. మీటింగుకు వస్తే ఆ పూట కూలి పోయినట్టే. అర్జీ రాసి ఆఫీసుల చుట్టూ తిరగగల మాబోటివాళ్ళం పిల్లల్ని వెంటబెట్టుకుని ఏనాడో టై బడికి వెళ్ళిపోయాం. ఇక గడియ ఊడిందంటే ఊడదూ!

ఆ రాత్రి వడ్డిస్తూ మా ఆవిడ అంది: "రేపు వడ్రంగిని పిలవండి. గడియ పడితే అక్కడే చేరుద్దాం. కమిటీలో నేనుంటాను. ఒక్క యేడాది చూస్తాను. దానికి చదువు రాలేదో, ఇక మీ మాట వినను."

గడియ పడింది, పిల్ల చేరింది. ఇప్పుడు మూడో టీచరు కోసం ఆవిడ అర్జీ రాస్తోంది. భాష దిద్దబోతే, "మీ సమాసాలు నాకొద్దు, పని కావాలి," అంది.

గడువు ఇంకా తీరలేదు. రోజూ సాయంత్రం మా ఆవిడ పిల్ల పుస్తకం తెరుస్తుంది. నేను పుస్తకం కేసి చూడను, ఆవిడ ముఖం కేసి చూస్తాను.