పూల లోయకు వెళ్తున్నారా? ఊపిరి మాట కూడా వినండి

“తిరుమల మెట్లు ఎన్నిసార్లు ఎక్కలేదు! ఇదో లెక్కా?” హిమాలయాలకు బయల్దేరే మనవాళ్ళు చాలామంది అనే మాట ఇది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ పెద్ద ఆయాసం లేకుండా ఎక్కగలిగితే మీ కాళ్ళూ గుండే బాగున్నట్టే. సంతోషం. కాని తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. మీరు చూడబోయే పూల లోయ అంతకు మూడింతలకు పైగా ఎత్తున ఉంది. అక్కడ అసలు పరీక్ష ఊపిరికి.

బదరీనాథ్ యాత్రకు వెళ్ళేవారు జోషీమఠ్ దాటాక గోవింద్‌ఘాట్ అనే ఊరి మీదుగా పోతారు. పూల లోయకు దారి చీలేది అక్కడే. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగివస్తున్న ఫ్రాంక్ స్మైత్ బృందం వాతావరణం చెడి ఈ లోయలోకి దిగింది. ఆ పూలను మరిచిపోలేక స్మైత్ 1937లో మళ్ళీ వచ్చాడు. తర్వాత ఆయన రాసిన పుస్తకంతో లోకానికి ఈ చోటు తెలిసింది. తర్వాత దీన్ని నేషనల్ పార్కు చేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

జూన్ నుంచి అక్టోబరు దాకా పార్కు తెరిచి ఉంటుంది. పూలు నిండుగా ఉండేది జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా. పుష్పావతి నది ఒడ్డున, మన పెరటి ముద్దగోరింటకు చుట్టమైన గులాబీరంగు పూలు మనిషెత్తు పెరిగి కనబడతాయి. మబ్బు తొలగిన క్షణంలో వాటి వెనక మంచుకొండలు నిలబడతాయి. ఆ చూపు కోసం ఎంత నడిచినా తగును.

ఇప్పుడు దారి సంగతి. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపులు వెళ్తాయి. అక్కడి నుంచి ఘాంగరియాకు పది కిలోమీటర్ల లోపు ఎక్కుడు నడక. ఘాంగరియా సుమారు 3,050 మీటర్లు, అంటే పదివేల అడుగుల ఎత్తు. గాలిలో ప్రాణవాయువు ఎక్కడైనా నూటికి 21 వంతులే. కాని పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. సముద్రమట్టంలో ఒక్కో శ్వాసకు అందేదానిలో ఘాంగరియాలో అందేది నూటికి 70 వంతులే. ఆ పైన ఉన్న హేమ్‌కుండ్ సాహిబ్ దగ్గర 60 వంతులే.

ఈ కొరతకు శరీరం అలవాటు పడగలదు. దానికి కావలసింది కాస్త వ్యవధి. అందుచేత జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగండి. ఘాంగరియా చేరిన రోజు విశ్రాంతి తీసుకోండి. మర్నాడు పూల లోయ చూసి తిరిగి ఘాంగరియాలోనే పడుకోండి. పార్కులో ఎలాగూ రాత్రి ఉండనివ్వరు. హేమ్‌కుండ్ సుమారు 14,000 అడుగులు. దాన్ని మూడో రోజుకు పెట్టుకోండి. సెలవు తక్కువని ఈ వరస తలకిందులు చేసేవారే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఎత్తు జబ్బు ఎలా తెలుస్తుంది? పైకి చేరిన కొన్ని గంటలకు తలనొప్పి వస్తుంది. దానితోపాటు వికారం, కళ్ళు తిరగడం, నిద్రపట్టకపోవడం ఉండవచ్చు. ఇది వయసును, బలాన్ని చూసి రాదు. రోజూ వ్యాయామం చేసే పాతికేళ్ళ కుర్రవాడికి రావచ్చు, నెమ్మదిగా నడిచిన వాళ్ళమ్మకు రాకపోవచ్చు. తలనొప్పి ఉన్నంతసేపూ ఇంకా పైకి ఎక్కవద్దు. కూర్చుని ఉన్నా ఆయాసం, విడవని దగ్గు, పెదవులు నీలం కావడం, తడబడే నడక, తికమక మాటలు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ప్రాణానికే ముప్పు. తెల్లవారేదాకా ఆగకుండా, ఒక మనిషిని తోడిచ్చి, వెంటనే కిందికి దించండి. ఆక్సిజన్ దొరికితే పెట్టించండి గాని, దాన్ని నమ్ముకుని దిగడం మానవద్దు. కర్పూరం వాసన చూస్తే హాయిగా అనిపిస్తుంది. ప్రాణవాయువు మాత్రం పెరగదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మొహమాటం. “డబ్బు కట్టాం కదా, నావల్ల అందరికీ ఆలస్యం ఎందుకు?” అని బాధ దాచుకునేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. ముఖ్యంగా ఇంటి ఆడవాళ్ళు. పసిపిల్లలు చెప్పలేరు. అందుచేత రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగండి: “తలనొప్పి ఉందా? అన్నం సయించిందా?” అని.

బయల్దేరడానికి ఆరు వారాల ముందునుంచే రోజూ ముప్పావుగంట నడవండి, మేడమెట్లు ఎక్కండి. కొత్త బూట్లు ఇంటిదగ్గరే అలవాటు చేసుకోండి. గుండెజబ్బు, ఉబ్బసం, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరును కలవాలి. వాడే మందులు చేతిసంచిలోనే ఉండాలి. ఎసిటజోలమైడ్ మాత్ర కొందరికి మేలు చేస్తుంది. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బున్నవారు ఉన్నారు కనుక డాక్టరు చెప్పకుండా వేసుకోరాదు. పైన ఉన్నన్నాళ్ళూ మద్యం, నిద్రమాత్రలు వద్దు.

వానకు తడిసిన రాళ్ళ మీద చేతికర్ర తప్పనిసరి. పూలమొక్కలు సేకరించడానికి వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ 1939లో ఈ లోయలోనే రాళ్ళమీద జారిపడి మరణించింది. ఆమె సమాధి ఇప్పటికీ ఆ పూలమధ్యే ఉంది. మీరు వెళ్తే చూస్తారు.

నిదానమే ప్రధానమని మన పెద్దలు ఊరికే అనలేదు. సగం దారిలో వెనక్కి తిరగవలసివస్తే చిన్నబుచ్చుకోవద్దు. పూలు వచ్చే ఏడూ పూస్తాయి. వాటిని చూడటానికి మీరు ఆరోగ్యంగా ఉండాలి.