ఏ ఏటి ఇంజన్ ఇది? యార్క్‌లో ఒక నమూనాల పనిగది

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో 1975లో ప్రారంభమైన జాతీయ రైల్వే మ్యూజియానికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆవిరి ఇంజన్ల పేరును, వయసును, వేగాన్ని చదువుకుంటూ ముందుకు సాగిపోతారు గాని, ఆ ఇంజన్ల చిన్న నమూనాలు చేసేవారు మాత్రం పొగపెట్టె పక్కనున్న ఒక రేకు దగ్గరో, బఫర్ల మధ్య వేలాడే ఒక గొట్టం దగ్గరో ఆగిపోయి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంటారు. ఆ ఫోటోలు ఎందుకు పనికివస్తాయో అదే నగరంలో ఒక ఇంటి మేడమీద నడిచే పనిగదిని చూస్తే తెలుస్తుంది. హార్న్‌బీ వంటి కంపెనీలు తయారుచేసి అమ్మే నమూనాను తీసుకొని, పరిరక్షణలో ఉన్న ఫలానా ఇంజన్ ఫలానా ఏడాదిలో ఎలా ఉండేదో అచ్చంగా అలా మార్చడమే అక్కడి పని. రైల్వే కొలువు ముగిసిన ఇంజన్‌ను తుక్కు కింద పోనివ్వకుండా ఒక వ్యక్తో, సంఘమో, మ్యూజియమో కొని బాగుచేసి నిలుపుకోవడాన్నే ఇక్కడ పరిరక్షణ అంటున్నాము.

బ్రిటన్‌లో ఎక్కువగా వాడుకలో ఉన్న కొలత ఓఓ గేజ్. అసలు ఇంజన్‌లోని ఒక అడుగు ఇందులో 4 మిల్లీమీటర్లవుతుంది, అంటే నమూనా అసలులో సుమారు 76వ వంతు. ఇంజనూ, దాని వెంట బొగ్గునూ నీటినీ మోసే టెండరూ కలిసి దాదాపు 70 అడుగులుండే ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఈ లెక్కన 28 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. పట్టాల దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది: 4 అడుగుల 8½ అంగుళాల వెడల్పుకు 18.83 మిల్లీమీటర్లు కావలసి ఉండగా ఓఓలో 16.5 మాత్రమే ఉండటంతో, ఎదుటి నుంచి చూసినప్పుడు చక్రాలు లోపలికి జరిగినట్లు కనిపిస్తాయి. దీన్ని సహించలేనివారు పీ4 అనే కచ్చితమైన కొలతకు మారతారు. ఈ పనిగదిలో అంత పట్టింపు లేదు, శ్రద్ధంతా చక్రాలకు పైన ఉన్న భాగం మీదే.

బల్లమీద సగంలో ఉన్నది ఫ్లయింగ్ స్కాట్స్‌మన్. దీని చరిత్ర కొంత తెలియనిదే ఆ పనిలోని చిక్కు అర్థం కాదు. 1923లో డాంకాస్టర్ కార్ఖానాలో ఏ1 తరగతి ఇంజన్‌గా తయారై, మరుసటి ఏడాది 4472 అన్న సంఖ్య పొంది, 1934 నవంబరు 30న గంటకు 100 మైళ్ల వేగాన్ని అందుకొన్నట్లు అధికారికంగా నమోదైన తొలి ఆవిరి ఇంజన్‌గా ఇది పేరు తెచ్చుకున్నది. 1946లో దాని సంఖ్య మారింది. 1947 జనవరిలో ఎక్కువ ఒత్తిడి గల బాయిలర్‌తో ఏ3 తరగతిలోకి మారింది. బ్రిటన్ రైల్వేల జాతీయీకరణ తర్వాత దాని సంఖ్య 60103 అయింది. ఆ తర్వాత దీనికి జంట పొగగొట్టం అమర్చినప్పుడు పొగ విసురు తగ్గి, బాయిలర్ వెంబడే జారుతూ డ్రైవర్ చూపుకు అడ్డుపడటంతో, 1961లో పొగపెట్టెకు ఇరుపక్కలా జర్మన్ పద్ధతి రేకులు నిలిపారు. పొగను పైకి మళ్లించడం వాటి పని.

1963లో కొలువు ముగిశాక దీన్ని కొన్న ఆలన్ పెగ్లర్ ఆ రేకులను తీయించి, ఒంటి పొగగొట్టం పెట్టించి, యాపిల్ ఆకుపచ్చ రంగుతో 4472 సంఖ్యను తిరిగి వేయించాడు. చూసినవారికి అది 1930ల నాటి ఇంజనే అనిపించింది గాని, 4472 అన్న సంఖ్య ఉన్న కాలంలో అది ఏ3 కాదు, ఏ3 అయిన కాలంలో ఆ సంఖ్య లేదు. ఏ3లో ఆవిరిని మరింత వేడిచేసే సూపర్‌హీటర్ వెడల్పు పెరిగి దాని కొసలు పొగపెట్టె రెండు పక్కలా బయటికి రావడంతో, వాటిపై చిన్న మూత పలకలు బిగించారు. నమూనాలో అవి వేలిగోటి కంటే చిన్నవి. అయినా 4472 సంఖ్య పక్కన ఆ మూతలు కనిపించాయంటే ఆ నమూనా 1963కు తర్వాతిదని తెలిసినవారు చూడగానే చెప్పగలరు.

ఈ బల్లమీది నమూనాకు ఎంచుకున్నది 2004, అంటే జాతీయ రైల్వే మ్యూజియం ఇంజన్‌ను కొన్న ఏడాది. అప్పుడు దానికి యాపిల్ ఆకుపచ్చ రంగూ, 4472 సంఖ్యా ఉండగానే జంట పొగగొట్టమూ, జర్మన్ పద్ధతి రేకులూ కూడా ఉన్నాయి. ఈ కలయిక రైల్వే కొలువులో ఏనాడూ లేదు. అందువల్ల ఒంటి పొగగొట్టంతో కొన్న నమూనా నుంచి దాన్ని సన్నని రంపంతో కోసి, అడుగును ఆకురాయితో నున్నగా చేసి, కోలగా ఉండే జంట గొట్టాన్ని అతికించారు. రేకులు ఎచింగ్ పద్ధతిలో, అంటే ఇత్తడి రేకును రసాయనంతో కొరికించి ఆకారం తెచ్చే పద్ధతిలో చేసినవి. వాటి మందం పావు మిల్లీమీటరే అయినా అసలు కొలతకు పెంచితే 19 మిల్లీమీటర్లవుతుంది గనుక, కంటికి కనిపించే అంచును మాత్రం ఇంకా పలచగా అరగదీశారు. క్షణంలో పట్టేసే జిగురును ఇక్కడ వాడరు. రెండు రేకులూ ఒకే ఎత్తులో, ఒకే వంపులో నిలిచేదాకా సరిచూసుకోవడానికి వ్యవధి ఇచ్చే ఎపాక్సీనే వాడతారు.

చేతితో పట్టుకొనే కమ్మీల విషయంలోనూ ఇదే లెక్క. పాత మూసల్లో ప్లాస్టిక్‌తోనే పోసిన కమ్మీ ఒక మిల్లీమీటరు మందముంటే అది అసలులో 76 మిల్లీమీటర్లు, మనిషి పిడికిలికి అందనంత లావు. దాన్ని చెక్కేసి, సన్నని డ్రిల్లుతో రంధ్రాలు వేసి, 0.4 మిల్లీమీటర్ల తీగ దూరిస్తే 30 మిల్లీమీటర్ల కమ్మీ వస్తుంది. అచ్చువేసిన సంఖ్యలను చెరిపి కొత్తవి అతికించడం, వాటిపై వార్నిష్ పూయడం, టెండర్‌లో నిజమైన బొగ్గునే పొడిచేసి పరవడం తేలిక పనులు. మసి పూయడంలో మాత్రం చేతిని అదుపులో పెట్టుకోవాలి. కొలువులోని ఇంజన్లు జిడ్డుతో, మసితో తిరిగేవి గాని, పరిరక్షణలోని ఇంజన్‌ను తుడిచి మెరిపిస్తారు గనుక చక్రాలను కలిపే కడ్డీల మీద కాస్త నూనె మెరుపు, పొగగొట్టం చుట్టూ పలచని మసి చాలు.

మ్యూజియంలోని మల్లార్డ్ అనే ఇంజన్‌లో కూడా ఇలాగే రెండు కాలాలు కలిసివున్నాయి. 1938 జూలై 3న గంటకు 126 మైళ్ల వేగం సాధించిన ఈ ఇంజన్ ఆనాటి నీలిరంగులో, 4468 సంఖ్యతో నిలిచివున్నది గాని, ఆ విజయాన్ని చెప్పే ఫలకాలను దాని పక్కలకు బిగించింది 1948లో. వాటిని తీసేసి నమూనా చేస్తే అది 1938 నాటి మల్లార్డ్. ఉంచితే మ్యూజియంలోని మల్లార్డ్.

పరిరక్షణలోని రూపాన్ని అసలైనది కాదని తక్కువ చేసే నమూనాకారులు ఉన్నారు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ రైల్వే కొలువులో ఉన్నది 40 ఏళ్లయితే పరిరక్షణలో గడిపినది ఇప్పటికే 60 ఏళ్లు దాటింది. ఆ కాలమంతా దాన్ని నడిపి, విప్పి, మళ్లీ బిగించినవారి పని ఆ ఇంజన్ చరిత్రలో భాగమే. పదేళ్ల మరమ్మతు తర్వాత 2016లో 60103గా ముదురు ఆకుపచ్చలో తిరిగివచ్చిన రూపానికి కూడా అదే గౌరవం దక్కాలి.

మన దేశంలో హర్యానాలోని రేవారి షెడ్డులోనూ, ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలోనూ ఉన్న ఇంజన్లకు నమూనాలు చేయాలనుకొనే తెలుగువారికి గేజ్ సమస్య కూడా తప్పదు; మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్, 87వ వంతు కొలత గల హెచ్‌ఓలో 19 మిల్లీమీటర్లు దాటుతుంది, దొరికే పట్టాలేమో 16.5. అది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఆ ఇంజన్లను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, ప్రతి ఫోటో వెనుకా తేదీ రాసిపెట్టుకోవాలి. ఈసారి రంగు వేసేనాటికి వాటిలో ఏది మిగులుతుందో ఎవరూ చెప్పలేరు.