రాగి మీద రాష్ట్రం పేరు

చీనా రాగి నాణెం చేతికి రాగానే అందరూ డ్రాగన్‌ని చూస్తారు. నేను తిప్పి రెండో వైపు చూస్తాను. 1905 తర్వాత మంచూ వంశపు ఛింగ్ ప్రభుత్వం దేశమంతటికీ ఒకే నమూనా పెట్టి, ‘మహా ఛింగ్ రాగి నాణెం’ అనే అర్థం వచ్చే నాలుగు పెద్ద అక్షరాలు వేయించింది. వాటి నట్టనడుమ, ఏ రాష్ట్రపు టంకశాలలో కొట్టారో తెలిసేలా ఒకే ఒక్క చిన్న అక్షరం ఉంచింది. సిచువాన్‌దైతే మూడు నిలువు గీతలు, అంతే. హుబేదైతే గీతల మీద గీతలు, భూతద్దం లేనిదే తేలదు. కొన్నిటి మీద సిచువాన్ అక్షరమూ, యునాన్ అక్షరమూ కలిసి ఉంటాయి. అవి దొరకడం కష్టం.

పెద్ద అక్షరాలన్నీ రాజ్యానివి. ఆ చిన్నది మాత్రం ఊరిది. అందుకే నాకు అంత ఇష్టం. మా ఖరగ్‌పూర్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదటి మాట ‘మీదే ఊరండీ?’ అనే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికొచ్చి మథురాకాటిలోనో, నింపురాలోనో స్థిరపడ్డవాళ్ళ మనవలు కూడా రైల్వే క్వార్టరు నంబరు చెప్పరు, శ్రీకాకుళం జిల్లాలో తాము చూసి ఎరగని పల్లె పేరు చెబుతారు. మా బాబాయి ఒకసారి నా పెట్టె తెరిచి చూసి, “మన దేశంలో చెల్లవు, ఆ దేశంలోనూ చెల్లవు. ఎందుకురా ఇవి?” అన్నాడు. “ప్రతిదాని మీదా ఊరు రాసి ఉంది బాబాయ్” అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూడడం మొదలుపెట్టాడు.

1900కి ముందు చీనా చిల్లర చాలావరకు పోతపోసినదే. నడుమ చదరపు కన్నం, దాన్లోంచి తాడు గుచ్చి దండలుగా మోసేవారు. ఆ ఏడు గ్వాంగ్‌డాంగ్‌లో యంత్రం మీద కన్నం లేని రాగి నాణేలు కొట్టారు. అక్కడి టంకశాల యంత్రాలు బర్మింగ్‌హామ్‌లోని హీటన్ కంపెనీవి. కొత్త నాణెం ఒక్కటి పాత కాసులు పదింటికి సమానమన్నారు గానీ, అందులో ఉన్న రాగి పది కాసులంత లేదు. ఆ తేడా అంతా టంకశాలకి లాభం. ఈ కిటుకు తెలిశాక గవర్నర్లు ఊరుకుంటారా? కొద్ది ఏళ్ళలోనే డజనుకు పైగా రాష్ట్రాలు యంత్రాలు తెప్పించుకున్నాయి. గ్వాంగ్‌డాంగ్ తొలి నాణేల మీద ‘నూటికి ఒక వెండి డాలరు’ అని రాసి ఉంటుంది. పదేళ్ళు తిరక్కుండానే బజారులో ఆ నూరు చాలకుండా పోయింది. కూలి రాగిలో తీసుకుని, అద్దె వెండి లెక్కన కట్టే మనిషికి అది ఎంత దెబ్బో వేరే చెప్పాలా?

రాగి చాలనప్పుడు కొన్ని టంకశాలలు కొరియా రాగి నాణేల మీదే తమ అచ్చు వేసి కొట్టేశాయి. అలాంటిది దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే డ్రాగన్ పొలుసుల మధ్య కొరియా అక్షరం ముక్క ఒకటి లేచి కనిపిస్తుంది. మామూలు నాణెం కన్నా దానికి ధర ఎక్కువ పలకడం న్యాయమే.

అంచు వెంట ఉండే సంవత్సరం పేరు మన తెలుగువాళ్ళకి వెంటనే బోధపడే విషయం. వాళ్ళకీ అరవై ఏళ్ళ చక్రమే. మన ప్రభవ వాళ్ళ మొదటి ఏటి తర్వాత మూడేళ్ళకి మొదలవుతుంది, తేడా అంతే. ‘బింగ్‌వు’ అని రెండక్షరాలు ఉంటే అది 1906, మన పరాభవ. తర్వాతి ఏడు ప్లవంగ, ఆపైది కీలక. అరవై ఏళ్ళకోసారి రెండు పేర్లూ జంటగానే తిరిగొస్తాయి: 1966లో వచ్చాయి, 2026లో మళ్ళీ వచ్చాయి. ఆ 1906లోనే మన దేశంలో పావు అణా రాగి వదిలి కంచులోకి మారింది. పాత రాగి పావు అణా ఆరున్నర గ్రాములు, చీనా పది కాసుల నాణెం ఏడు గ్రాముల పైచిలుకు. రెండూ ఒకే అరచేతిలో పెట్టుకుంటే ఆ తేడా వేళ్ళకి తెలుస్తుంది.

నకిలీలు లెక్కలేనన్ని. బరువు చూడాలి, అంచు చూడాలి, అక్షరాల మూలలు పదునుగా ఉన్నాయో పోతలో కరిగినట్టున్నాయో చూడాలి. 1930లలో షాంఘైలో వుడ్‌వర్డ్ అనే ఆయన ఒక్క పది కాసుల నాణేల మీదే పుస్తకం రాశాడు. అచ్చు అచ్చుకీ తేడా పట్టి చూపిన అలాంటి పని ముందు పెట్టుకోకుండా డబ్బు తీయకూడదు. ఇక చిలుము. పండక్కి ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు పెట్టి తోమారో, నూరేళ్ళ పై పొర పోయి గులాబీ రంగు రాగి బయటపడుతుంది. మెరుస్తుంది, కానీ సేకరించేవాళ్ళ దృష్టిలో దాని పని అయిపోయినట్టే.

సిచువాన్ నాణేలంటే నాకు పక్షపాతం ఉంది. ఆ రాష్ట్రానికీ మనకీ లంకె వెండి రూపాయి దగ్గర మొదలవుతుంది. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న మన రూపాయి టిబెట్ దారిన సిచువాన్ సరిహద్దు దాకా చెలామణి అవుతుంటే, దాన్ని తరమడానికి చెంగ్డూ టంకశాల అదే కొలతలో చక్రవర్తి బొమ్మతో రూపాయి కొట్టింది. అయితే నన్ను పూర్తిగా లాగింది ఆ రూపాయి కాదు, రైలు.

చెంగ్డూ నుంచి హాంకౌకి రైలు వేయాలని 1904లో సిచువాన్ వాళ్ళు సొంత కంపెనీ పెట్టుకున్నారు. భూమి కౌలు మీద అదనపు వసూలు వేసి, దాన్నే వాటాలుగా రాసిచ్చారు. అంటే పల్లెటూరి రైతు డబ్బు కూడా అందులో ఉంది. 1911 మేలో ప్రభుత్వం ఆ రైలు మార్గాన్ని తన చేతిలోకి తీసుకుని, విదేశీ బ్యాంకుల అప్పుతో వేస్తానంది. రాష్ట్రం భగ్గుమంది. సెప్టెంబరు 7న చెంగ్డూలో నాయకుల్ని పట్టుకున్నారు, విడిపించమని వచ్చిన జనం మీద కాల్పులు జరిపారు. ఆ అల్లర్లు అణచడానికి హుబే నుంచి సైన్యం పంపారు, అక్కడ దండు పలచబడింది, అక్టోబరు 10న వుచాంగ్‌లో తిరుగుబాటు లేచింది. ఫిబ్రవరికల్లా చక్రవర్తి గద్దె దిగాడు.

రైల్వే వర్క్‌షాపు సైరనుతో నిద్ర లేచే ఊళ్ళో పుట్టినవాణ్ణి, ఈ కథ నాకు ఎంత దగ్గరగా తగిలిందో చెప్పలేను. తీసేసిన కార్మికుల కోసం వి.వి.గిరి గారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సమ్మె నడిపించింది 1920ల చివర్లో. రైలుతో బతుకు ముడిపడ్డవాళ్ళ కోపం ఎలా ఉంటుందో ఖరగ్‌పూర్‌కి తెలుసు. చెంగ్డూ పార్కులో ఆ రైలు పోరాటానికి 1913లో కట్టిన స్మారక స్తంభం ఉంది. దాని పీఠం మీద చెక్కినవి దేవతలు కాదు, వీరులూ కాదు: ఇంజను, సిగ్నలు, పాయింట్లు, కప్లింగు. ఫొటో చూపించాను గానీ పేర్లు చెప్పే అవసరం రాలేదు, మా వీధిలో రిటైరైన ఫిట్టర్లే చదివి వినిపించారు.

నా సిచువాన్ వరసలో మూడు గీతల మంచూ నాణెం పక్కనే 1912 నాటిది ఉంటుంది. డ్రాగన్ లేదు. దాని చోట పాత ముద్రల లిపిలో, మంచూలది కాని చీనా జాతి పేరు ‘హాన్’ అనే అక్షరం. కొట్టించింది సైనిక ప్రభుత్వమని నాణెం మీదే ఉంది. మధ్యలో గడిచింది కొన్ని ఏళ్ళే. ఆ తర్వాతి కథ బాధాకరం. సైన్యాధిపతులు రాష్ట్రాన్ని పంచుకుని నాణేల మీద అంకెలు పెంచుకుంటూ పోయారు: యాభై, వంద, చివరికి రెండు వందల కాసులు. నాలుగు సెంటీమీటర్ల బిళ్ళ, చేతికి బరువుగానే ఉంటుంది, కానీ దాని మీద రాసినంత విలువ దాన్లో ఏనాడూ లేదు.

రైలు మాత్రం అప్పటికీ రాలేదు. చెంగ్డూ నుంచి చోంగ్‌చింగ్‌కి మొదటి బండి నడిచింది 1952 జులై 1న. వాటాలకి డబ్బు కట్టినవాళ్ళలో ఆ బండి ఎక్కేదాకా బతికినవాళ్ళు కొందరైనా ఉండి ఉంటారు. వాళ్ళలో ఏ ఒక్కరైనా చెప్పిన మాటలు ఎక్కడైనా అచ్చయి ఉంటే చదవాలని నాకు గట్టి కోరిక. ఏ అరుదైన నాణెం కన్నా ముందు వాటి కోసమే వెతుకుతున్నాను.