బొజ్జన్న, తొట్లు, పావురాలు

విశాఖలో ఉంటూ, ఆదివారం వస్తే ఎటు వెళ్ళాలో తోచక బీచ్ రోడ్డు మీదే అటూ ఇటూ తిరిగే బాపతా మీరు? నేనూ అంతే, ఆరేళ్ళ కిందటి దాకా. ఆ తర్వాత మా వదిన పుణ్యమా అని కొండల పిచ్చి పట్టుకుంది. కొండలంటే అరకు, లంబసింగి అనుకునేరు. వాటికి రాత్రి బసలూ, స్వెట్టర్లూ కావాలి. నేను చెప్పేవి పొద్దున్నే టిఫిన్ కట్టుకుని బయల్దేరితే సాయంత్రం దీపాల వేళకి ఇంటికొచ్చేయగల కొండలు.

వాటి పేర్లు వినండి. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, బొజ్జన్నకొండ, లింగాలకొండ. ఇంకాస్త ఓపికుంటే కొత్తూరు ధనదిబ్బలు. అన్నీ బౌద్ధ క్షేత్రాలే. ఒక్క పేరులోనైనా బుద్ధుడు కనిపించాడా? భిక్షువులు వెళ్ళిపోయారు, స్తూపాల మీద మట్టి పేరుకుంది, తుప్పలు మొలిచాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏది కళ్ళబడితే దాని పేరు పెట్టుకున్నారు. అమరావతి మహాస్తూపమంతటిదే దీపాలదిన్నె అయి కూర్చుంటే మన కొండలెంత? అక్కడ నాటిన బోర్డు చదవకముందే ఆ పేరు పట్టుకుని కొండెక్కండి, మజా అందులో ఉంది.

తొట్లకొండ సంగతే చూడండి. భీమిలి రోడ్డు మీద, మంగమారిపేట దగ్గర, ఊరికి పదహారు కిలోమీటర్లు. 1976లో నౌకాదళం వాళ్ళు తమ అవసరానికి విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే విహారాల గదులు, స్తూపాలు, వంటశాల, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. కొండమీద సన్యాసుల దగ్గర రోమన్ నాణేలేమిటని నాకూ అనుమానం వచ్చింది. పైనుంచి సముద్రం చూస్తే తీరిపోతుంది. ఓడలకు వర్తకులుంటారు, వర్తకులకు పుణ్యం కావాలి, భిక్షువులకు నాలుగు మెతుకులు కావాలి. ఊరికి మరీ దూరం కాదు, మరీ దగ్గరా కాదు. స్థలం ఎంచుకోవడంలో ఇప్పటి రియల్ ఎస్టేట్ వాళ్ళు వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలి.

ఇక తొట్లు. వాన నీళ్ళు పట్టడానికి రాతిలో తొలిచినవి. మొదటిసారి మేం ఏప్రిల్‌లో పదకొండు గంటలకెక్కాం, అదొక తెలివితక్కువ పని. రెండోది, మంచినీళ్ళ సీసాలున్న సంచీని కారుతో సహా కిందే వదిలేశాం. రెండు వేల ఏళ్ళ కిందట ఈ కొండమీద అంతమంది దాహం తీర్చిన తొట్టి పక్కన నిలబడి, నాలుక పిడచకట్టుకుపోతుంటే, "వీళ్ళకున్న ముందుచూపు మనకి లేకపోయిందమ్మా" అంది వదిన. నీళ్ళు మోసుకురావలసింది తనే. అయినా నేనేం అనలేదు, అనేందుకు నోట్లో తడి ఉండాలిగా! అక్కడ మళ్ళీ కట్టి నిలబెట్టిన మహాస్తూపం కొంత 2019 వానలకు కూలింది. పాతది కాలానికి తట్టుకుంది, మనం కట్టింది వానకి తట్టుకోలేదు.

బావికొండ అదే దారిలో. పావురాలకొండ భీమిలి పక్కన, పావురాళ్ళ సంగతేమో గానీ అక్కడా రాతి తొట్లున్నాయి. ఆ రెండూ ఒకే పూటలో చుట్టేసి భీమిలిలో డచ్చి వాళ్ళ సమాధులు చూసుకుని వచ్చేయొచ్చు. ఆ కబుర్లు ఇంకోసారి. నా మనసంతా అనకాపల్లి వైపే లాగుతోంది.

అనకాపల్లికి మాత్రం సంక్రాంతి వెళ్ళాక వెళ్ళండి. అప్పటికి గానుగలు జోరు మీదుంటాయి. ఊరి బయట ఎక్కడైనా పొగ కనిపిస్తే ఆగండి. పెద్ద పెనంలో చెరకు రసం మరుగుతూ, పైకి తేలిన మడ్డిని చిల్లుల గరిటెతో తీసిపారేస్తూ, పాకం బంగారు రంగు తిరిగే దాకా పొయ్యి ముందు నిలబడ్డ మనిషి ఒళ్ళంతా చెమట. వేడి వేడి పాకం ఆకులో వేసి ఇస్తే నాలుక కాలుతుందని తెలిసీ ఆగలేం. వదిన ప్రతిసారీ ఓ బెల్లం దిమ్మ కొంటుంది. దాన్ని పగలగొట్టడం మాత్రం మా అన్నయ్య వంతు.

అనకాపల్లి స్టేషన్ దగ్గర ఆటో ఎక్కితే శంకరం పక్కనే. ఊరి పేరు వినగానే శివుడు గుర్తొస్తాడు కదూ? అసలు సంఘారామం, నలిగి నలిగి శంకరమైందట. అక్కడి తూర్పు కొండ బొజ్జన్నది. మెట్లెక్కుతుంటే గుహ ద్వారం పైన బుద్ధుడు కూర్చుని కనిపిస్తాడు. లోపలికెళ్తే, కొండనే తొలిచి నిలబెట్టిన స్తంభాల మధ్య ఏకశిలా స్తూపం. బయట ఎండ పేలుతున్నా లోపల చల్లగా, గబ్బిలాల వాసనతో, మన మాటే మనకి తిరిగి వినిపిస్తూ ఉంటుంది. అలెగ్జాండర్ రీ అనే దొర 1906 ప్రాంతంలో ఇక్కడ తవ్వించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి కూడా దొరికింది.

మరి బొజ్జన్న ఎవరు? బుద్ధుడే బొజ్జన్న అయ్యాడని కొందరంటారు. ఊళ్ళో కథ వేరు. అక్కడ బొజ్జలా ఉబ్బిన ఆకారం ఒకటుంది, అది రాక్షసుడిదని నమ్మి కనుమ నాడు తీర్థానికొచ్చిన జనం దాని మీద రాళ్ళు విసిరేవారు. పురావస్తు శాఖ వాళ్ళూ, చరిత్ర మీద ప్రేమున్నవాళ్ళూ నచ్చజెప్పి మాన్పించారు. మా ఆటో ఆయన్ని కదిపితే సిగ్గుపడుతూ నవ్వాడు. "మా సిన్నప్పుడు మేమూ ఇసిరినోలమేనమ్మా. ఆయన బుద్దుడని మాకేటి తెలుసు? పండగ కదా, అందరూ ఇసిరితే మేమూ ఇసిరినాం." ఇప్పుడు? "ఇప్పుడు దణ్ణమెట్టుకుంటన్నాం."

రాయి వేసినవాళ్ళే దణ్ణం పెడుతున్నారు. ఈ కొండ దగ్గర నాకు బాగా నచ్చింది అదే. బంగారు నాణెం కూడా దాని తర్వాతే.

పక్కనే లింగాలకొండ. చాలామంది బొజ్జన్నతో సరిపెట్టుకుని వెనక్కి తిరుగుతారు. అలా చేయకండి. అక్కడ కొండ రాతినే చెక్కి మొక్కుబడి స్తూపాలు చేశారు, చిన్నవీ పెద్దవీ, వరసలు వరసలుగా, శిఖరం దాకా. అన్నీ గుండ్రంగా, నున్నగా. శివలింగాల్లా కనపడ్డాయి జనానికి, లింగాలకొండ అయింది. మనకి తెలిసిందేదో దాన్నే చూస్తాం, తప్పేముంది?

కిందటి మాఘంలో మా అన్నయ్య మనవణ్ణి తీసుకెళ్ళాం. ఐదేళ్ళవాడు. బొజ్జన్న గుహలో గబ్బిలాలకి బెదిరి వదిన కొంగు పట్టుకుని వచ్చాడు. లింగాలకొండ ఎక్కాక కొంగు వదిలేశాడు. ఆ స్తూపాల వంక కాసేపు కళ్ళప్పగించి చూసి, "నానమ్మా, ఎన్ని ఇడ్లీలో!" అని కేక పెట్టాడు.

వదిన నా వంక చూసింది, నేను సంచీ వంక చూశాను. స్టీలు డబ్బా మూత తీసి వాడి చేతిలో రెండు పెట్టాం, అంచున ఇంత బెల్లం ముక్కతో. ఆ వేళ నుంచి మా ఇంట్లో ఎవరూ లింగాలకొండ అనడం లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ ఇడ్లీకొండకే ప్రయాణం, మీరూ వస్తారా?