తలుపు పట్టీ, యడాగమం

కారు తలుపుల వెలుపల అడ్డంగా సాగే నల్లని ప్లాస్టిక్ బద్దను మెకానిక్కులు 'బీడింగ్' అంటారు. నేను తలుపు పట్టీ అంటున్నాను. పక్కన నిలిపిన బండి తలుపు వచ్చి తగిలితే ఆ దెబ్బ రేకు మీద పడకుండా కాచుకోవడం దాని పని. అది ఊడినంతమాత్రాన కారు ఆగదు. అందుకే ఎవరూ దానిని పట్టించుకోరు.

మాది 2004లో కొన్న మారుతి 800. ఆ కారు తయారీయే 2014 జనవరిలో ఆగిపోయింది. పదిహేనేళ్లు నిండాక ఒకసారి, ఆపైన ఐదేళ్లకు మరొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొన్నాము. గడచిన వేసవిలో ఎడమవైపు ముందు తలుపు పట్టీ కొస లేచి, జానెడు పొడవున వేలాడసాగింది. చూచినవారందరిదీ ఒకటే మాట: "మాస్టారూ, ఇంక అమ్మెయ్యండి." విదేశంలో ఉన్న మా అబ్బాయి సలహా కూడా అదే. నాకు అరవైయారు, మా ఇంటావిడకు అరవైరెండు. పిల్లలు దగ్గర లేని ఇంట, అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసివస్తే ఎవరినీ నిద్రలేపి బతిమాలనక్కరలేని ధైర్యం మాకు ఆ కారు వల్లనే. జానెడు ప్లాస్టిక్కు లేచినందుకు ఆ ధైర్యాన్ని అమ్ముకోవడం నాకు సమ్మతం కాలేదు. పైపట్టు సడలిన ప్రతిదానికీ లోపల కూడా పని అయిపోయిందనుకొనే లోకరీతి, మనుషుల విషయంలోనూ ఉన్నదే కదా!

అట్లని దానిని వేలాడనిచ్చి తిరగడమూ ధర్మం కాదు. నరసరావుపేట నుండి గుంటూరు పోయే దారిలో కాస్త వేగం అందుకొంటే, గాలి ఆ కొస క్రింద దూరి పట్టీని పెరకుతుంది. అది ఎగిరి వెనుక మోటారు సైకిలు మీద వచ్చేవాని ముఖాన తగిలితే? అలంకారం మనది, అపాయం వానిది.

ఊళ్లో ఒకాయన క్షణంలో అంటుకొనే జిగురు వేస్తానన్నాడు. మరొకాయన రెండు స్క్రూలు బిగిస్తే నూరేళ్లు కదలదన్నాడు. స్క్రూ బిగిస్తే రేకుకు రంధ్రం, రంధ్రంలోకి నీరు, నీటివెంట త్రుప్పు. జిగురు సంగతి ఇంకా ఆలోచింపదగినది. మా పల్నాటి ఎండలో నిలిపిన కారు రేకు చేయి పెట్టనివ్వదు. తెల్లవారుజాముకు అదే రేకు చల్లబడుతుంది. నలభై డిగ్రీల తేడాకు మీటరు పొడవు ఉక్కు రేకు సుమారు అర మిల్లీమీటరు సాగితే, అంతే పొడవున్న ప్లాస్టిక్కు దానికి ఐదారింతలు సాగుతుంది. ఈ ఈడ్పులాట ప్రతిదినం జరిగేదే. గాజువలె గట్టిపడే జిగురు దానికి తాళలేక పగిలిపోతుంది.

ఇందుకు తగినది రెండువైపులా అంటుకొనే అక్రిలిక్ ఫోమ్ టేపు. మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఒకవైపు రేకును, మరొకవైపు పట్టీని పట్టుకొని, నడుమ తాను సాగుతుంది. ముప్ఫైయేళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి గనుక నాకు వెంటనే యడాగమం గుర్తుకు వచ్చింది. 'మా', 'అమ్మ' చేరేచోట సంధి జరగదు, ఏ అచ్చూ లోపించదు. నడుమ 'య్' వచ్చి నిలిచి 'మాయమ్మ' అవుతుంది. ఆదేశం శత్రువువంటిది, ఆగమం మిత్రునివంటిదని వైయాకరణులు ఊరక అనలేదు. మిత్రుడు ఎవరినీ తొలగించకుండా ఇద్దరినీ కలుపుతాడు.

ఇక పని జరిగిన క్రమం. కారును కాసేపు ఎండలో ఉంచి, పాత టేపు మెత్తబడ్డాక పట్టీని లాగకుండా దాని వెనుక నైలాన్ దారాన్ని రంపంవలె ఆడించాను. రేకు మీద మిగిలిన జిగురును నీలగిరి తైలంతో, ఆ తైలపు జిడ్డును సబ్బునీటితో, చివరి తేమను స్పిరిట్ గుడ్డతో తుడిచాను. టేపు ఊడడానికి చాలామార్లు కారణం టేపు కాదు, దాని క్రింద మిగిలిన జిడ్డే. వెనుక తలుపు పట్టీకి సమంగా కాగితపు టేపుతో గీత పెట్టుకొన్నాము. ఇది ఒకసారి అంటితే జరపరానిది గనుక మా ఇంటావిడ దూరంగా నిలిచి చూపు పట్టింది, నేను అదిమాను. రేకు కాలనీ జిలనీ లేని ఉదయపు వేళ ఇందుకు మంచిది. పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. అంతవరకు కారు కడగలేదు.

మీ కారు పట్టీలకు క్లిప్పులు ఉంటే మాత్రం విరిగినదాని చోట టేపుతో సరిపెట్టవద్దు. ఆ రంధ్రం మూయడం కూడా క్లిప్పు పనే. విరిగిన ముక్కను చేతపట్టుకొని బెజవాడ ఆటోనగర్‌కు వెళ్లి, దానితో సరిపోల్చి తెచ్చుకోవడం ఉత్తమం.

వానకాలం గడిచింది. పట్టీ కదలలేదు. అమ్మెయ్యమనేవారూ తగ్గారు. ఈ టేపుకు 'ఆగమపట్టీ' అని పేరు పెట్టుకొన్నాను. ఇంతకంటె చక్కని తెలుగుమాట మీకు తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకొంటాను.