సంతకం
మా బందరులో కోపల్లె హనుమంతరావుగారు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ బోధించారనీ, అడివి బాపిరాజు ఆయన శిష్యులనీ బాల్యంలోనే విన్నాను. ఆ ముచ్చట్లలో స్త్రీ పేరు ఒక్కటీ వినరాలేదు.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాలను దర్శించిన నాడు ఆ లోటు తీరింది. ఆయన 1925లో మశూచి సోకి, ఇరవై ఏడేళ్ళకే అస్తమించారు. ఆయన చిత్రాల సరసనే భార్య సత్యవాణి గీసిన చిత్రాలూ ఉన్నాయి. ఆ పేరు చదివి ఆగిపోయాను. వివాహానంతరం కుంచె విడిచిన మా అమ్మ జ్ఞప్తికి వచ్చింది.

ఇంటికి చేరగానే పెట్టె అడుగున దాగిన అమ్మ బొమ్మలను వెలికితీశాను. “ఇప్పుడెందుకురా?” అంది. ఒక్కొక్క దానిపై ఆమె చేతనే పేరు వ్రాయించాను. మొదటి సంతకానికి చేయి వణికింది, చివరిదానికి వణకలేదు.